బ్యాకప్ నుండి తిరిగి వచ్చిన డేటాబేసు ఎందుకు నెమ్మదిస్తుంది? కారణాలు, పరీక్షలు, పరిష్కారాలు

కంప్యూటరులో భద్రపరచిన సమాచారం పోయినప్పుడు, ముందుగా తీసి ఉంచిన నకలు నుండి దానిని తిరిగి తెచ్చుకోవడాన్ని పునరుద్ధరణ అంటారు. ఆ నకలునే బ్యాకప్ అని వ్యవహరిస్తారు. పునరుద్ధరణ పూర్తయినదని తెర మీద సందేశం కనిపించగానే పని ముగిసినదని చాలా సంస్థలు భావిస్తాయి. మరునాడు ఉదయం కౌంటరు తెరిచిన తరువాత అసలు ఇబ్బంది బయటపడుతుంది. నిన్నటివరకు రెప్పపాటులో వచ్చిన రోగి వివరాలు నిమిషాలు గడిచినా రావు. విద్యార్థి మార్కుల జాబితా అడిగితే తెర అలాగే నిలిచిపోతుంది. సమాచారమంతా ఉన్నది, ఒక్క వరుస కూడా పోలేదు. అయినా అడిగినది వేళకు అందదు.

ఈ ఇబ్బందికి మూలం ఒక్క మాటలో చెప్పవచ్చు. బ్యాకప్ సమాచారాన్ని తిరిగి తెస్తుంది గాని, ఆ సమాచారంతో డేటాబేసుకు ఏర్పడిన పరిచయాన్ని అన్ని వేళలా తీసుకురాదు. ఆ పరిచయాన్ని మళ్ళీ కల్పించిన తరువాతనే పునరుద్ధరణ పూర్తయినట్లు లెక్క. అది ఎలా పోతుంది, పోయినదని ఎలా కనిపెట్టాలి, ఏ క్రమంలో తిరిగి సమకూర్చాలి అనే విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

చెన్నై నేర్పిన పాఠం

సరిహద్దు జిల్లాల ప్రజలకు చెన్నై దూరపు ఊరు కాదు. తిరుపతి, చిత్తూరు, నెల్లూరు ప్రాంతాల నుండి వైద్యానికి, చదువుకు, వ్యాపారానికి నిత్యం ఎందరో ఆ నగరానికి వెళ్తుంటారు. అక్కడి కంప్యూటర్లు ఆగిపోతే ఆ ప్రభావం ఇక్కడి నుండి తెల్లవారుజామున బస్సెక్కి వెళ్ళి వరుసలో నిలబడిన మనిషి మీద కూడా పడుతుంది.

ఈశాన్య ఋతుపవనాల కాలంలో, అంటే అక్టోబరు నుండి డిసెంబరు వరకు, చెన్నైకి వాన ముప్పు ఎక్కువ. 2015 డిసెంబరు మొదటి వారంలో వచ్చిన వరద ఇందుకు పెద్ద ఉదాహరణ. తాంబరంలో 24 గంటల వ్యవధిలో సుమారు 49 సెంటీమీటర్ల వర్షం కురిసింది. విమానాశ్రయం రన్‌వే నీట మునిగి కొన్ని రోజులు మూతబడింది. 1878లో ఆరంభమైన 'ది హిందూ' పత్రిక ముద్రణాలయానికి సిబ్బంది చేరలేక, డిసెంబరు 2న చెన్నై సంచిక వెలువడలేదు. అనేక సాఫ్టువేరు సంస్థలు కార్యాలయాలు మూసి, ఇతర నగరాల సిబ్బందితో పనులు నడిపించుకున్నాయి. మరుసటి ఏడాది 2016 డిసెంబరు 12న వర్దా తుఫాను నగరాన్ని తాకింది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను చెన్నైని వానతో ముంచి, 5వ తేదీన బాపట్ల వద్ద తీరం దాటింది.

ఇదే నగరంలో దేశ ఆర్థిక వ్యవస్థకు సంబంధించిన ఒక ముఖ్యమైన ఏర్పాటు ఉన్నది. ముంబయిలోని నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజికి విపత్తు వేళ ఆదుకునే ప్రత్యామ్నాయ కేంద్రం చెన్నైలోనే ఉన్నది. 2021 ఫిబ్రవరి 24న ఆ ఎక్స్ఛేంజిలో ఉదయం 11 గంటల 40 నిమిషాలకు లావాదేవీలు ఆగిపోయి, మధ్యాహ్నం 3 గంటల 45 నిమిషాలకు గాని తిరిగి మొదలు కాలేదు. ఆనాడు చెన్నై కేంద్రానికి మార్పిడి జరగలేదు. ఎందుకు మారలేదన్న ప్రశ్న తలెత్తింది. అదే సంవత్సరం మార్చి 22న సెబీ కొత్త నిబంధనలు జారీ చేసింది. విపత్తు ప్రకటించిన తరువాత 45 నిమిషాలలో ప్రత్యామ్నాయ కేంద్రం నుండి పని మొదలు కావాలన్నది వాటిలో ఒకటి. 2024 మార్చి 2న, మే 18న, రెండు శనివారాలలో ప్రత్యేక సమావేశాలు జరిపి, లావాదేవీలను ప్రత్యామ్నాయ కేంద్రం నుండి నడిపి చూశారు.

ఎక్స్ఛేంజి వంటి సంస్థలలో రెండవ కేంద్రం ఎప్పటికప్పుడు నవీకరించబడుతూ మేలుకొనే ఉంటుంది. చిన్న ఆసుపత్రికి, పాఠశాలకు, సహకార సంఘానికి అంత వసతి ఉండదు. రాత్రి తీసిన బ్యాకప్ ఒక్కటే వాటికి ఆధారం. కాబట్టి పునరుద్ధరణ తరువాత వచ్చే మందగమనం ప్రధానంగా బాధించేది ఇటువంటి చిన్న సంస్థలనే.

గ్రంథాలయం పోలిక

డేటాబేసు లోపలి వ్యవహారం అర్థం కావడానికి గ్రంథాలయం మంచి పోలిక. భారతదేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పునాది పడినది చెన్నైలోనే. ప్రెసిడెన్సీ కళాశాలలో గణితం బోధిస్తున్న ఎస్.ఆర్. రంగనాథన్ 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకునిగా నియమితులయ్యారు. ఆయన 1931లో గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలను ప్రకటించారు. 1933లో కోలన్ వర్గీకరణ పద్ధతిని వెలువరించారు. పాఠకుని సమయాన్ని ఆదా చేయాలన్నది ఆ ఐదింటిలో నాలుగవ సూత్రం యొక్క సారాంశం.

వరద భయంతో ఒక గ్రంథాలయంలోని పుస్తకాలన్నిటినీ వేరొక భవనానికి తరలించారని అనుకుందాం. వరద తగ్గాక వాటిని తెచ్చి అలమరలలో సర్దారు. కేటలాగు కార్డుల పెట్టె మాత్రం రాలేదు. ఏ విభాగంలో ఎన్ని పుస్తకాలున్నాయో తెలిసిన పాత ఉద్యోగి కూడా బదిలీ అయ్యాడు. పాఠకులు ఎక్కువగా అడిగే పుస్తకాలను చేతికందేలా ఉంచిన బల్ల ఖాళీగా ఉన్నది. పుస్తకాలన్నీ ఉన్నా, ఒక పుస్తకం కావాలంటే అలమరలన్నీ గాలించాలి.

కేటలాగు స్థానంలో డేటాబేసుకు ఉండేది సూచిక. దీనినే ఇండెక్సు అంటారు. పాత ఉద్యోగి అనుభవానికి బదులుగా ఉండేవి గణాంకాలు. ఏ పట్టికలో ఎన్ని వరుసలున్నాయి, ఏ విలువ ఎంత తరచుగా వస్తుంది అనే లెక్కలివి. చేతికందే బల్ల వంటిది మెమరీ. అడిగిన ప్రశ్నను, అనగా క్వెరీని, ఏ దారిలో వెతికితే త్వరగా జవాబు దొరుకుతుందో నిర్ణయించే భాగాన్ని ప్లానరు అంటారు. సూచికలను, గణాంకాలను చూసి ప్లానరు ఒక ప్రణాళిక వేస్తుంది. చూడవలసినవి లేనప్పుడు ఊహ మీద ఆధారపడుతుంది. ఊహ తప్పితే ప్రణాళిక తప్పుతుంది, జవాబు ఆలస్యమవుతుంది.

రెండు రకాల బ్యాకప్‌లు

ఏమి పోయినదో తెలియాలంటే ముందు ఏ రకం బ్యాకప్ వాడారో తెలియాలి.

మొదటిది భౌతిక బ్యాకప్. డిస్కు మీద ఉన్న ఫైళ్ళను ఉన్నవి ఉన్నట్లుగా నకలు తీస్తారు. గ్రంథాలయాన్ని అలమరలతో, కార్డుల పెట్టెతో సహా తరలించడం వంటిది ఇది. సూచికలు, గణాంకాలు కూడా వెంట వస్తాయి. ఎస్‌క్యూఎల్ సర్వర్ సొంత బ్యాకప్, పోస్ట్‌గ్రెస్ వారి పీజీ బేస్‌బ్యాకప్ ఈ కోవకు చెందినవి.

రెండవది తార్కిక బ్యాకప్. పట్టికలను తిరిగి సృష్టించే ఆదేశాలను, వాటిలో నింపవలసిన వరుసలను వ్రాసి ఉంచుతారు. పోస్ట్‌గ్రెస్‌లో పీజీ డంప్, మైఎస్‌క్యూఎల్‌లో మైఎస్‌క్యూఎల్ డంప్ ఇటువంటివి. ఒక కూర్పు నుండి మరొక కూర్పుకు, ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి మారడానికి ఇవి అనుకూలం. అయితే సూచికలను కొత్తగా కట్టుకోవాలి, గణాంకాలను కొత్తగా సేకరించుకోవాలి.

కావున తార్కిక బ్యాకప్ తరువాత నెమ్మదిస్తే గణాంకాలను, సూచికలను ముందుగా అనుమానించాలి. భౌతిక బ్యాకప్ తరువాత నెమ్మదిస్తే మెమరీని, డిస్కును, అమరికలను ముందుగా చూడాలి.

ఐదు ప్రధాన కారణాలు

1. గణాంకాల లేమి. పోస్ట్‌గ్రెస్‌లో పీజీ డంప్ సాధారణంగా గణాంకాలను తీసుకుపోదు. 2025 సెప్టెంబరులో విడుదలైన 18వ కూర్పులో కోరినవారికి గణాంకాలను కూడా వెంట పంపే సదుపాయం చేర్చారు. పాత కూర్పులలో ఆ వసతి లేదు. గణాంకాలు లేనప్పుడు ప్లానరు, ఒక నిలువు వరుసలో సుమారు 200 వేర్వేరు విలువలు ఉంటాయని ఊహిస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక ఆసుపత్రి డేటాబేసులో రోగుల రాకలకు 10 లక్షల వరుసల పట్టిక ఉన్నది. అందులో 9 లక్షల వరుసలలో 'చికిత్స ముగిసినది' అని ఉన్నది. ముగిసిన చికిత్సలన్నిటికీ బిల్లుల వివరాలు కావాలని అడిగారు. గణాంకాలు లేని ప్లానరు 10 లక్షలను 200తో భాగించి, 5,000 వరుసలు వస్తాయని అంచనా వేస్తుంది. 5,000 వరుసలే గదా అని, ఒక్కొక్క వరుసకూ విడిగా బిల్లుల పట్టికలో వెతికే దారి పడుతుంది. వాస్తవంలో 9 లక్షల సార్లు వెతకవలసి వస్తుంది. అంచనాకు 180 రెట్ల పని ఇది. గణాంకాలు ఉండి ఉంటే, రెండు పట్టికలనూ ఒక్కసారి ఆసాంతం చదివి జతపరచే దారిని ఎన్నుకొని ఉండేది.

పోస్ట్‌గ్రెస్‌లో ఆటోవాక్యూమ్ అనే సేవకుడు వెనుక నుండి గణాంకాలు సేకరిస్తూనే ఉంటాడు. కాని పట్టికలు అనేకం ఉన్నప్పుడు అందుకు సమయం పడుతుంది. కౌంటరు తెరిచే వేళకు అది పూర్తి కాకపోవచ్చు. ముక్కలుగా విభజించిన పట్టికల విషయంలో మరొక చిక్కు ఉన్నది. ముక్కలను అతడు చూసుకుంటాడు గాని, మూల పట్టికకు గణాంకాలు సేకరించడు. ఆ పని మనుషులు ఆదేశించి చేయించాలి.

2. సూచికలు రాకపోవడం. పీజీ డంప్ ముందు వరుసలను నింపి, ఆ తరువాత సూచికలను కట్టిస్తుంది. పని వేగంగా సాగడానికి ఇది మంచి పద్ధతే. అయితే చివరి దశలో డిస్కు నిండినా, కరెంటు పోయినా, వరుసలన్నీ ఉండి సూచికలు మాత్రం లేని స్థితి ఏర్పడుతుంది. పీఎస్‌క్యూఎల్ పనిముట్టుతో తెచ్చేటప్పుడు ప్రత్యేకంగా ఆదేశించకపోతే, ఒక తప్పు వచ్చినా అది ఆగకుండా ముందుకే సాగుతుంది. మధ్యలో వచ్చిన హెచ్చరికను ఎవరూ చదవకపోతే లోపం తెలియదు.

3. చల్లబడిన మెమరీ, నిద్రలో ఉన్న డిస్కు. కొన్ని నెలలుగా నడుస్తున్న సర్వరులో తరచు అడిగే సమాచారం మెమరీలో చేరి ఉంటుంది. పునరుద్ధరణ తరువాత మెమరీ ఖాళీ. ప్రతిదీ డిస్కు నుండి చదవాలి. కొన్ని గంటల వాడుకతో ఇది తనంతట తాను సర్దుకుంటుంది.

అద్దె సర్వర్ల విషయంలో మరొక సంగతి గమనించాలి. అమెజాన్ క్లౌడ్‌లో స్నాప్‌షాట్ నుండి తయారుచేసిన డిస్కు వెంటనే సిద్ధమైనట్లు కనిపిస్తుంది. నిజానికి అందులోని ఒక్కొక్క భాగం మొదటిసారి అడిగినప్పుడే దూరపు గిడ్డంగి నుండి వస్తుంది. ముంబయిలో 2016 నుండి, హైదరాబాదులో 2022 నుండి ఉన్న ఆ సంస్థ కేంద్రాలను వాడేవారికి కూడా ఇదే నియమం వర్తిస్తుంది. డిస్కు అంతటినీ ఒకసారి మొదటి నుండి చివరిదాకా చదివిస్తే ఈ ఆలస్యం తొలగిపోతుంది.

4. శుభ్రపరచే పని జరగకపోవడం. పోస్ట్‌గ్రెస్‌లో ఏ పుటలోని వరుసలు అందరికీ కనబడదగినవో తెలిపే చిన్న పటం ఒకటి ఉంటుంది. కొన్ని ప్రశ్నలకు పట్టికను తాకకుండా సూచికను మాత్రమే చూసి జవాబు చెప్పడానికి ఆ పటం అవసరం. తార్కిక పునరుద్ధరణ తరువాత అది ఖాళీగా ఉంటుంది. వాక్యూమ్ ఆదేశం నడిపితే గాని నిండదు. గణాంకాలు సేకరించినా కొన్ని క్వెరీలు ఇంకా నెమ్మదిగానే ఉండడానికి ఇదొక కారణం.

5. అమరికలలో, కూర్పులలో తేడా. డేటాబేసు బ్యాకప్‌లో సర్వరు అమరికలన్నీ ఉండవు. పాత సర్వరులో అనుభవంతో పెంచుకున్న మెమరీ కేటాయింపు కొత్త సర్వరులో మొదటి స్థాయికి పడిపోతుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఉమ్మడి మెమరీకి ఆరంభ కేటాయింపు 128 మెగాబైట్లు మాత్రమే. ఒక్కొక్క క్రమబద్ధీకరణ పనికి ఇచ్చేది 4 మెగాబైట్లు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో కూడా సర్వరుకు సంబంధించిన అమరికలు డేటాబేసుతో రావు. కొత్త కూర్పు మీద పునరుద్ధరించినా, డేటాబేసు తన పాత అనుకూలతా స్థాయినే నిలుపుకుంటుంది. దానిని 120కి గాని అంతకు పైకి గాని పెంచితే, 2014 కూర్పుతో వచ్చిన కొత్త అంచనా పద్ధతి అమలులోకి వచ్చి కొన్ని ప్రణాళికలు మారిపోతాయి. చాలా వరకు మేలే జరుగుతుంది. కొన్ని క్వెరీలు మాత్రం అడ్డం తిరుగుతాయి.

కనిపెట్టే క్రమం

వైద్యుడు నాడి చూడకుండా మందు ఇవ్వడు. ఇక్కడ కూడా పరీక్ష ముందు, చికిత్స తరువాత.

మొదటి పరీక్ష: అన్నీ నెమ్మదించాయా, కొన్నేనా? అన్నీ నెమ్మదిస్తే డిస్కును, మెమరీని, అమరికలను చూడాలి. కొన్ని మాత్రమే నెమ్మదిస్తే గణాంకాలను, సూచికలను చూడాలి.

రెండవ పరీక్ష: ఒకే క్వెరీని వెంటవెంటనే రెండుసార్లు నడపాలి. మొదటిసారి ఆలస్యమై రెండవసారి చప్పున వస్తే మెమరీ చల్లబడినదని అర్థం. రెండుసార్లూ ఒకేలా ఆలస్యమైతే ప్రణాళికను అనుమానించాలి.

మూడవ పరీక్ష: ప్రణాళికను చదవాలి. దాదాపు అన్ని డేటాబేసులలోనూ ఇందుకు మార్గం ఉన్నది. పోస్ట్‌గ్రెస్‌లోనూ, మైఎస్‌క్యూఎల్ 8.0.18 నుండీ ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ అనే ఆదేశం, ప్లానరు వేసిన అంచనాను, నిజంగా వచ్చిన వరుసల సంఖ్యను పక్కపక్కన చూపుతుంది. అంచనా 5,000, వాస్తవం 9,00,000 అని కనబడితే దోషి దొరికినట్లే. ఒక హెచ్చరిక మరువరాదు. పోస్ట్‌గ్రెస్‌లో ఈ ఆదేశం క్వెరీని నిజంగానే నడుపుతుంది. వరుసలను తొలగించే, మార్చే క్వెరీల మీద ప్రయోగిస్తే ఆ మార్పులు జరిగిపోతాయి. అటువంటివాటిని రద్దు చేయదగిన లావాదేవీ లోపల మాత్రమే పరీక్షించాలి.

నాలుగవ పరీక్ష: సూచికల జాబితాను పోల్చాలి. పాత సర్వరు జాబితా దొరికితే సరేసరి. దొరకకపోతే బ్యాకప్ ఫైలులో సూచికలు కట్టే ఆదేశాలు ఎన్ని ఉన్నాయో లెక్కించి, డేటాబేసులో ఉన్నవాటితో సరిచూడాలి.

ఐదవ పరీక్ష: అది నిజంగా నెమ్మదా, లేక నిరీక్షణా? ఒక క్వెరీ మరొకదాని తాళం కోసం కాచుకొని ఉన్నా బయటికి నెమ్మదించినట్లే కనిపిస్తుంది. పునరుద్ధరణ తరువాత ఎవరో మొదలుపెట్టిన కొత్త బ్యాకప్, సూచికల నిర్మాణం వెనుక నడుస్తూ ఉండవచ్చు. పోస్ట్‌గ్రెస్‌లో పీజీ స్టాట్ యాక్టివిటీ అనే పట్టిక చూస్తే ఎవరు పని చేస్తున్నారో, ఎవరు కాచుకున్నారో తెలుస్తుంది.

పరిష్కారాలు

గణాంకాలు లేవని తేలితే పరిష్కారం చిన్నది. పోస్ట్‌గ్రెస్‌లో అనలైజ్ ఆదేశం చాలు. ఇది పట్టిక మొత్తం చదవదు. ఆరంభ అమరికలో ఒక్కొక్క పట్టిక నుండి సుమారు 30,000 వరుసల నమూనా తీసుకుంటుంది. కాబట్టి పెద్ద పట్టికలకు కూడా మరీ ఎక్కువ సమయం పట్టదు. తొందర ఉన్నప్పుడు వాక్యూమ్‌డీబీ అనే పనిముట్టుతో మూడు దశలలో చేయించవచ్చు. మొదటి దశలో ముతక లెక్కలు త్వరగా సిద్ధమై పని సాగుతుంది. తరువాతి దశలలో అవి మెరుగుపడతాయి. రాత్రి వేళ దొరికితే వాక్యూమ్ కూడా నడిపితే నాలుగవ కారణం కూడా తొలగిపోతుంది.

మైఎస్‌క్యూఎల్‌లో అనలైజ్ టేబుల్ ఆదేశం ఉన్నది. ఇన్నోడీబీ పట్టికలకు వెనుక నుండి గణాంకాలు అవే తయారవుతాయి. అయితే ఆరంభ అమరికలో ఒక్కొక్క సూచికకు 20 పుటల నమూనా మాత్రమే తీసుకుంటుంది. విలువలు అసమానంగా పరుచుకున్న పెద్ద పట్టికలకు ఆ నమూనాను పెంచుకోవచ్చు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో అప్‌డేట్ స్టాటిస్టిక్స్ ఆదేశం వాడాలి. 2016 కూర్పు నుండి ఉన్న క్వెరీ స్టోర్, గతంలో ఏ ప్రణాళికతో క్వెరీ చురుకుగా నడిచినదో గుర్తుంచుకుంటుంది. అది డేటాబేసులోనే భద్రమై ఉంటుంది కనుక పునరుద్ధరణ తరువాత కూడా పాత, కొత్త ప్రణాళికలను పోల్చి చూడవచ్చు.

మెమరీ చల్లబడినదని తేలితే, కౌంటరు తెరవకముందే ముఖ్యమైన పట్టికలను ఒకసారి చదివించాలి. పోస్ట్‌గ్రెస్‌లో పీజీ ప్రీవార్మ్ అనే అనుబంధం ఇందుకోసమే ఉన్నది.

ఆపరేటింగ్ సిస్టం మారినప్పుడు మరొక జాగ్రత్త అవసరం. లినక్సులో జీలిబ్‌సీ అనే భాగం 2018లో వచ్చిన 2.28 కూర్పుతో అక్షరాల వరుస క్రమాన్ని మార్చింది. పాత క్రమంలో కట్టిన పోస్ట్‌గ్రెస్ సూచికలను భౌతిక నకలుగా కొత్త యంత్రం మీదికి తెస్తే, ఉన్న పేరు కూడా దొరకకపోవచ్చు. ఇది నెమ్మది కన్న ప్రమాదకరం. పాఠ్యం మీద కట్టిన సూచికలన్నిటినీ రీఇండెక్స్ ఆదేశంతో మళ్ళీ కట్టించాలి. తార్కిక బ్యాకప్‌లో సూచికలు కొత్తగానే కట్టబడతాయి కనుక ఈ చిక్కు రాదు.

చేయకూడని పనులు

వరుసలో జనం నిలబడి ఉన్నప్పుడు కంగారు సహజం. ఆ కంగారులో జరిగే పనులు ఇబ్బందిని పెంచుతాయి.

గణాంకాలు సేకరించకముందే కొత్త సూచికలు కట్టరాదు. రోగం ఒకటైతే మందు మరొకటి అవుతుంది. ప్రతి కొత్త సూచిక భవిష్యత్తులో వరుసలు చేర్చే పనిని కొంత బరువు చేస్తుంది.

సర్వరును పదేపదే ఆపి మొదలుపెట్టరాదు. అప్పుడప్పుడే వేడెక్కుతున్న మెమరీ మళ్ళీ ఖాళీ అవుతుంది.

పని వేళలలో వాక్యూమ్ ఫుల్ నడపరాదు. పేరు దగ్గరగా ఉన్నా ఇది మామూలు వాక్యూమ్ కాదు. పట్టికకు పూర్తిగా తాళం వేసి, చదవడానికి కూడా వీలు లేకుండా చేస్తుంది.

ఒకేసారి నాలుగు మార్పులు చేయరాదు. ఏది పనిచేసినదో తెలియకుండా పోతుంది. ఒక మార్పు, ఒక కొలత, కాగితం మీద ఒక పంక్తి. ఈ క్రమశిక్షణ మరుసటి విపత్తులో ఎంతగానో అక్కరకు వస్తుంది.

వాన రాకముందే

సెబీ నిబంధన ప్రకారం నిమిషాలు లెక్కించవలసిన అగత్యం చిన్న సంస్థలకు లేదు. అయినా ఆ నిబంధనలోని ఆలోచన అందరికీ పనికివస్తుంది. బ్యాకప్ ఉన్నదా అని మాత్రమే అడిగితే చాలదు. దాని నుండి ఎంత సేపటిలో మామూలు పని మొదలవుతుందో కూడా అడగాలి.

ఇందుకు పెద్ద ఖర్చు అక్కరలేదు. సంస్థలో నిత్యం వాడే పది క్వెరీలను గుర్తించాలి. రోగి సంఖ్యతో వివరాలు, ఆనాటి బిల్లుల మొత్తం, తరగతివారీ మార్కులు, సభ్యుని ఖాతా నిల్వ వంటివి. మామూలు రోజున ఒక్కొక్కటి ఎంత సేపటిలో వస్తుందో వ్రాసి ఉంచాలి. సూచికల జాబితాను, అమరికల ఫైలును బ్యాకప్‌తో పాటే భద్రపరచాలి. ఈ నకళ్ళలో ఒకటి వరద నీరు చేరని వేరొక ఊరిలో ఉండాలి.

ఏటా సెప్టెంబరులో, ఈశాన్య ఋతుపవనాలు రాకముందే, ఒక ఖాళీ యంత్రం మీద బ్యాకప్‌ను పునరుద్ధరించి చూడాలి. హెచ్చరికలన్నీ చదవాలి. గణాంకాలు సేకరించాలి. ఆ పది క్వెరీలను నడిపి, వ్రాసి ఉంచిన సమయాలతో పోల్చాలి. పదీ సరిపోలినప్పుడే పునరుద్ధరణ పూర్తయినదని సంతకం చేయాలి. మొదలు నుండి సంతకం వరకు పట్టిన సమయమే ఆ సంస్థకు నిజమైన కోలుకునే కాలం.

గ్రంథాలయం నిత్యం పెరిగే ప్రాణి వంటిదని రంగనాథన్ ఐదవ సూత్రం భావం. డేటాబేసు కూడా అంతే. నిరుడు 2 లక్షల వరుసలున్న పట్టిక ఈ ఏడాది 3 లక్షలు కావచ్చు. నిరుటి పరీక్ష ఈ ఏటికి చెల్లదు. కావున ఈ అభ్యాసం ఏడాదికి ఒక్కసారైనా జరగాలి. నెల్లూరు నుండో పుత్తూరు నుండో వెళ్ళి చెన్నై కౌంటరు ముందు నిలబడిన రోగికి సర్వరు సంగతులతో పని లేదు. తన చీటీ వేళకు చేతికి రావడమే అతనికి కావలసినది.